ఉరికంబం పక్కన కామెడీ

మా రూమ్‌మేట్ నన్ను 'బ్లాక్ అండ్ వైట్ బాబాయ్' అని పిలుస్తాడు. రూమ్‌లో లైట్ ఆపేసి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, 1940లో వచ్చిన సినిమా చూస్తూ ఒక్కడినే నవ్వుకుంటుంటే పాపం వాడు మాత్రం ఇంకేమని పిలుస్తాడు?

ఈ పిచ్చి డీబీఎంఎస్ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ ముందు రోజు రాత్రి మొదలైంది. చదవకుండా ఉండటానికి ఏదో ఒకటి కావాలి కదా. యూట్యూబ్‌లో 'హిజ్ గర్ల్ ఫ్రైడే' అని కనిపించింది. మొత్తం సినిమా, ఫ్రీ. దాని కాపీరైట్‌ని టైమ్‌కి రెన్యూ చేయించుకోకపోవడంతో అమెరికాలో అది ఎప్పుడో పబ్లిక్ డొమైన్‌లోకి వచ్చేసిందని తర్వాత తెలిసింది. పది నిమిషాలు చూసి ఆపేద్దాం అనుకున్నా. గంటన్నర అయ్యాక చూస్తే నా రికార్డ్ బుక్ ఎక్కడ తెరిచానో అక్కడే ఉంది. (ల్యాబ్ సంగతి అడక్కండి.)

ముందే ఒక మాట. నాది ఇంగ్లీష్ మీడియం తెలుగు. ఎల్‌కేజీ నుంచి ఇంటర్ దాకా తెలుగు నాకు సెకండ్ లాంగ్వేజ్, అదీ మార్కుల కోసం. కాబట్టి వాక్యాలు ఎక్కడైనా కుంటితే మా ఎడిటర్ అక్కది కాదు తప్పు, నాదే.

విషయానికొస్తే, 1930ల్లో, 40ల మొదట్లో హాలీవుడ్ వరసపెట్టి ఒక రకం సినిమాలు తీసింది. హీరో ఒక న్యూస్‌పేపర్ రిపోర్టర్. ఊళ్లో ఒక మర్డరో, ఒక ఉరిశిక్షో, జైలు నుంచి పారిపోయిన ఖైదీయో ఉంటాడు. అందరూ పరిగెత్తుతుంటారు, అందరూ ఒకేసారి మాట్లాడుతుంటారు, అబద్ధాలు ధారాళంగా చెబుతుంటారు, మనం నవ్వుతుంటాం. వీటిల్లో ఏముందని ఇప్పటికీ జనం చూస్తున్నారు? ఎవరిని అడిగినా 'స్పీడ్' అంటారు. నిజమే, డైలాగుల వేగం మామూలుగా లేదు. ఒకరి మాట పూర్తి కాకుండానే ఇంకొకరు అందుకుంటారు, సబ్‌టైటిల్స్ వెనకబడిపోతాయి. కానీ స్పీడ్ ఒక్కటే అయితే రీల్స్ చూసుకోవచ్చు కదా. నా ఉద్దేశంలో అసలు సంగతి వేరే ఉంది. అది అంత హాయిగా ఉండే సంగతి కాదు.

ముందు ఈ కథలు ఎక్కడినుంచి వచ్చాయో చెప్పాలి. అన్నింటికీ తాత లాంటిది 'ది ఫ్రంట్ పేజ్' అనే నాటకం. 1928లో బ్రాడ్‌వే మీద వచ్చింది. రాసింది బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్. ఇద్దరూ చికాగోలో రిపోర్టర్లుగా చేసి వచ్చినవాళ్లే. కథంతా క్రిమినల్ కోర్టు బిల్డింగ్‌లోని ప్రెస్ రూమ్‌లో నడుస్తుంది. కిటికీ బయట తెల్లారితే ఒకడిని ఉరితీయడానికి ఏర్పాట్లు, కిటికీ లోపల రిపోర్టర్ల పేకాట. ఎడిటర్ వాల్టర్ బర్న్స్‌ని వాల్టర్ హోవీ అనే నిజమైన చికాగో ఎడిటర్‌ని చూసి రాశారు. రిపోర్టర్ హిల్డీ జాన్సన్ పేరు కూడా ఒక నిజమైన రిపోర్టర్‌దే. ఉరికి ముందు ఖైదీ పారిపోవడం కూడా ఊహించి రాసింది కాదు. 1921 డిసెంబర్‌లో టామీ ఓకానర్ అనేవాడు ఇంకో నాలుగు రోజుల్లో ఉరి అనగా చికాగో జైలు నుంచి పారిపోయాడు. మళ్లీ దొరకలేదు. ఈలోగా అక్కడ ఉరి పోయి ఎలక్ట్రిక్ చైర్ వచ్చింది. అయినా వాడికి పడిన శిక్ష ఉరి కాబట్టి, ఎప్పటికైనా దొరుకుతాడేమో అని ఆ ఉరికంబాన్ని 1977 దాకా దాచి ఉంచారట. ఇది సినిమాలో పెడితే ఓవర్‌గా ఉంది అంటాం.

అప్పుడే సినిమాకి మాట వచ్చింది. 1927 తర్వాత హాలీవుడ్‌కి అర్జెంటుగా కావాల్సి వచ్చింది ఏమిటంటే, మనుషులు నిజంగా మాట్లాడినట్టు డైలాగులు రాసేవాళ్లు. పేపర్ ఆఫీసుల్లో అలాంటివాళ్లు బోలెడు మంది, జీతాలు తక్కువ. రైలెక్కి వచ్చేశారు. అంటే రిపోర్టర్ల మీద సినిమాలు రాసింది రిపోర్టర్లే. అందుకే వాటిల్లో భక్తి లేదు. డాక్టర్ల గురించి డాక్టర్లే రాసుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. సొంత వృత్తి మీద జోకులు వేసుకునేవాడికి ఎక్కడ నొక్కితే నొప్పి పుడుతుందో తెలుసు.

'ది ఫ్రంట్ పేజ్' 1931లో సినిమాగా వచ్చింది. హోవర్డ్ హ్యూస్ నిర్మాత, లూయిస్ మైల్‌స్టోన్ డైరెక్టర్. అది కూడా చూశా. సౌండ్ కొంచెం గరగరలాడుతుంది, ఓపిక కావాలి. కానీ ఆఖరి డైలాగ్‌లో ఒక బూతు మాట ఉంది. నాటకంలో పూర్తిగా వినిపించే ఆ మాటని సినిమాలో సరిగ్గా ఆ క్షణానికి టైప్‌రైటర్ చప్పుడుతో కప్పేశారు. మన సెన్సార్ 'బీప్' కన్నా వందరెట్లు అందంగా ఉంది. న్యూస్‌పేపర్ సినిమాకి టైప్‌రైటరే బీప్!

తర్వాత 1940లో హోవర్డ్ హాక్స్ అదే కథని మళ్లీ తీశాడు. అదే నా 'హిజ్ గర్ల్ ఫ్రైడే'. ఒకే ఒక్క మార్పు: హిల్డీ జాన్సన్ మగవాడు కాదు, అమ్మాయి. పైగా ఎడిటర్ వాల్టర్‌కి మాజీ భార్య. క్యారీ గ్రాంట్, రోజలిండ్ రసెల్. ఈ ఒక్క మార్పుతో కథ మొత్తం మారిపోయింది. కోడ్‌లో ఒక్క వేరియబుల్ టైప్ మారిస్తే ప్రోగ్రామ్ మొత్తం కొత్తగా పనిచేయడం మొదలుపెట్టినట్టు. (క్షమించాలి, బ్రాంచ్ బుద్ధి.)

కథ క్లుప్తంగా: హిల్డీ ఉద్యోగం మానేసి, బ్రూస్ బాల్డ్విన్ అనే ఇన్సూరెన్స్ ఆయన్ని పెళ్లి చేసుకుని, ఆల్బనీ అనే ఊరికి వెళ్లిపోయి, అత్తగారితో కలిసి ప్రశాంతంగా బతుకుదామనుకుంటుంది. ఆ మాట చెప్పడానికే ఆఫీసుకి వస్తుంది. వాల్టర్‌కి ఆమె పోవడం ఇష్టం లేదు. భార్యగా పోతోందనా, మంచి రిపోర్టర్‌గా పోతోందనా అంటే అతనికీ తెలియదనిపిస్తుంది. వెళ్లేముందు ఒకే ఒక్క స్టోరీ రాసిపెట్టమంటాడు: తెల్లారితే ఉరి పడబోయే ఎర్ల్ విలియమ్స్ ఇంటర్వ్యూ. బదులుగా బ్రూస్ దగ్గర పెద్ద పాలసీ తీసుకుంటానంటాడు. ఇక అక్కణ్ణుంచి బ్రూస్‌ని దొంగ వాచీ కేసులో ఒకసారి, ఇంకో కేసులో ఇంకోసారి, దొంగ నోట్ల కేసులో మరోసారి పోలీసులకి పట్టిస్తూనే ఉంటాడు. వాళ్లమ్మని ఎత్తుకుపోయేలా చేస్తాడు. అదంతా మనకి పరమ కామెడీ.

నాకు మొదటిసారి చూసినప్పుడే గుచ్చుకుంది బ్రూస్ పాత్ర. మంచివాడు. అబద్ధం చెప్పడు. గొడుగు పట్టుకుని తిరుగుతాడు. భవిష్యత్తు గురించి ప్లాన్ ఉంది. మా నాన్న నన్ను ఎలా చూడాలనుకుంటున్నాడో అచ్చం అలా ఉంటాడు. 'సెటిల్ అవ్వడం' అనే మాట మన ఇళ్లల్లో ఎన్నిసార్లు వినపడుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఫస్టియర్ నుంచే మన క్యాంపస్ మొత్తం ఆల్బనీ టికెట్ కోసం క్యూలో నిలబడి ఉంది. నేనూ ఉన్నా, లీట్‌కోడ్ చేస్తూ. ఇందులో తప్పేమీ లేదు. సినిమా కూడా తప్పని అనదు. కానీ హిల్డీ టోపీ పక్కన పడేసి టైప్‌రైటర్ ముందు కూర్చున్నప్పుడు ఆమె మొహం చూడండి. ఒక పని మనిషిని పట్టుకుంటే ఎలా ఉంటుందో తెలుస్తుంది. బ్రూస్ వచ్చి పక్కనే నిలబడి రైలుకి టైమ్ అవుతోందని బతిమాలుతుంటాడు, ఆమెకి వినపడదు. నటిస్తోందని కాదు, నిజంగానే వినపడదు.

ఈ సినిమాల ఆకర్షణలో మొదటి సగం ఇదే అని నా అభిప్రాయం. పనిలో మునిగిపోయిన మనిషిని చూడటంలో ఒక ఆనందం ఉంది. మా ఊళ్లో దోసెల బండి దగ్గర నిలబడి పెనం మీద ఆయన చేతులు చూస్తుంటే కూడా అదే ఆనందం. అంత ఇష్టంగా చేసే పని మనకి దొరుకుతుందా అనే చిన్న అసూయ కూడా అందులో ఉంటుంది.

రెండో సగం దగ్గరే చిక్కు. ఎందుకంటే హిల్డీ అంత ఇష్టంగా చేస్తున్న పని ఏమిటి?

మా మావయ్య పల్నాడు వైపు ఒక మండలంలో విలేకరి. ఏ పేపరో చెప్పను. జీతం అంటూ పెద్దగా ఉండదు, అచ్చయినదాన్ని కొలిచి డబ్బులిస్తారు. ఎక్కువ బతుకు బైక్ మీదే. దసరా సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ల్యాప్‌టాప్‌లో ఈ సినిమా పెట్టాను. ఆయనకి ఇంగ్లీష్ అంతంతమాత్రం. ఆపి ఆపి తెలుగులో చెబుతూ పోయా. గంటన్నర సినిమాకి మూడు గంటలు పట్టేట్టుంది.

ఖైదీ పారిపోయిన తర్వాత ప్రెస్ రూమ్‌లో రిపోర్టర్లంతా ఎవరి ఫోన్ వాళ్లు పట్టుకుని ఎవరి ఆఫీసుకి వాళ్లు వార్త చెబుతారు. ఒకే సంఘటన. ఒక్కొక్కడూ ఒక్కో రకంగా చెబుతాడు, ఎవడి మసాలా వాడిది. మావయ్య పడీ పడీ నవ్వాడు. "ఒరేయ్ అల్లుడూ, ఇది మా ప్రెస్‌క్లబ్ రా!" అన్నాడు. ఇంకోచోట వాల్టర్ ఫోన్‌లో ఫ్రంట్ పేజీ ఖాళీ చేయిస్తాడు. హిట్లర్‌ని తీసుకెళ్లి జోకుల పేజీలో పడేయమంటాడు, చైనాలో భూకంపాన్ని తీసేయమంటాడు, ఒక కోడిపుంజు వార్తని మాత్రం కదిలించొద్దంటాడు. అది జనం చదివేది కదా! 1940లో, ఒక పక్క యూరప్‌లో యుద్ధం నడుస్తుండగా, ఈ జోక్ వేశారంటే ఎంత ధైర్యం. హిల్డీ రాసిన స్టోరీలో తన పేపర్ పేరు మొదటి పేరాలో లేదని వాల్టర్ మండిపడతాడు. రెండో పేరాలో పెట్టానంటే, రెండో పేరా చదివేదెవడని అడుగుతాడు. మావయ్య అక్కడ నవ్వలేదు, తలూపాడు. ఆయన రాసిపంపేవాటిల్లో ఎక్కువ రెండో పేరా దాకా బతకవు.

తర్వాత మోలీ సీన్ వచ్చింది. మోలీ మాలోయ్ ఒక వీధిమనిషి. ఎర్ల్ విలియమ్స్‌ని ఒకరోజు జాలిపడి చేరదీసింది, అంతే. పేపర్లు దాన్ని ప్రేమకథ చేసి అమ్ముకున్నాయి. పారిపోయిన ఎర్ల్ ఆ ప్రెస్ రూమ్‌లోనే ఒక మూత బల్లలో దాక్కుని ఉంటాడు. రిపోర్టర్లు మోలీ చుట్టూ మూగి వాడెక్కడున్నాడో చెప్పమని నొక్కుతారు. తప్పించుకునే దారి లేక, వాడిని కాపాడటానికి ఆమె కిటికీలోంచి దూకేస్తుంది. రిపోర్టర్లంతా కిటికీకి పరిగెత్తి, తొంగి చూసి, కిందికి పరిగెత్తుతారు. ఆమె చావదు. సినిమా ఎక్కువసేపు ఆగదు. వాల్టర్ వస్తాడు, కామెడీ మళ్లీ మొదలవుతుంది. ఒక్క నిమిషంలో మనం మళ్లీ నవ్వుతుంటాం.

మావయ్య మళ్లీ నవ్వడానికి కొంచెం టైమ్ పట్టింది. పాజ్ చేయమని, ఏళ్ల కిందటి సంగతి ఒకటి చెప్పాడు. కాలువలో ఒక పిల్లాడు కొట్టుకుపోయాడు. ఈయన డెస్క్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్లు అడిగిన మొదటి మాట, "ఫోటో ఉందా?" పేరు తర్వాత అడిగారు. ఈయన ఆ ఇంటికి వెళ్లాడు. వాకిట్లో జనం, ఏడుపులు. స్కూల్ కోసం తీయించిన పాస్‌పోర్ట్ సైజు ఫోటో ఒకటి ఉంటే వాళ్ల నాయనమ్మ తెచ్చి ఇచ్చింది. ఫోన్‌లో ఫోటో తీసుకుని వెనక్కి ఇచ్చేశాడు. "ఆమె ఎందుకిచ్చిందో తెలుసా రా? పేపర్లో వేస్తే పిల్లాడు దొరుకుతాడేమో అనుకుంది" అన్నాడు. అప్పటికే దొరికాడు. ఆమెకి చెప్పలేదు ఇంకా.

1933లో జేమ్స్ కాగ్నీతో 'పిక్చర్ స్నాచర్' అని ఒక సినిమా వచ్చింది. జైలు నుంచి వచ్చిన ఒక గ్యాంగ్‌స్టర్ పేపర్‌లో ఫోటోగ్రాఫర్‌గా చేరతాడు. చేసేది అవే పాత దొంగతనాలు, కాకపోతే ఇప్పుడు జీతమిస్తారు. ఇన్సూరెన్స్ మనిషినని అబద్ధం చెప్పి ఒకాయన ఇంట్లోంచి పెళ్లి ఫోటో కొట్టుకొస్తాడు. తర్వాత కెమెరాని కాలికి కట్టుకుని, ఒక ఆడమనిషికి మరణశిక్ష అమలు చేస్తుంటే రహస్యంగా ఫోటో తీస్తాడు. ఇది కూడా జరిగిందే. 1928 జనవరిలో రూత్ స్నైడర్ అనే ఆమెని సింగ్‌సింగ్ జైల్లో ఎలక్ట్రిక్ చైర్‌లో చంపుతుంటే, టామ్ హోవర్డ్ అనే ఫోటోగ్రాఫర్ చీలమండకి కట్టుకున్న కెమెరాతో తీశాడు. న్యూయార్క్ 'డైలీ న్యూస్' దాన్ని ఫ్రంట్ పేజీ నిండా వేసింది. అయిదేళ్లు దాటగానే అది కాగ్నీ సినిమాలో సరదా సీన్ అయింది. మావయ్య చెప్పింది విన్నాక ఆ సినిమా మళ్లీ చూశా. కాగ్నీ అప్పుడూ నచ్చాడు. అదే నాకు ఇబ్బంది.

ఇక నా సంగతి. ఇది రాయకుండా పైదంతా రాస్తే మోసం చేసినట్టే.

పోయిన సెమిస్టర్‌లో నేను మన హాస్టల్స్ అప్‌డేట్స్ గ్రూప్ నడిపేవాడిని. మెస్ మెనూ, కరెంట్ కోత, క్రికెట్ స్కోర్, అన్నిటికన్నా ముందు నా మెసేజే పడాలి. అదో కిక్కు. ఒక సాయంత్రం పక్క బ్లాక్ నుంచి పెద్ద చప్పుడు, అరుపులు. బాల్కనీలోంచి చూస్తే కింద ఒక జూనియర్ పడి ఉన్నాడు, చుట్టూ జనం. నేను మెట్ల వైపు వెళ్లలేదు. ఫోన్ తీశాను. రెండో ఫ్లోర్ నుంచి ఎవరో దూకేశారని టైప్ చేసి పంపాను. ఆ తర్వాత కిందికి వెళ్లాను.

అతను దూకలేదు. పిట్టగోడ మీద ఆరేసిన టవల్ జారిపోతుంటే అందుకోబోయి తనూ జారాడు. కాలు విరిగింది, ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ 'దూకేశారు' అనే నా మాట నలభై నిమిషాలు గ్రూపుల్లో తిరిగింది. డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టేసరికి స్క్రీన్‌షాట్లు ఎటు పోవాలో అటు పోయాయి. వాళ్ల ఊళ్లో ఎవరో వాళ్లమ్మకి ఫోన్ చేసి, మీ వాడు దూకాడట, ఏం కష్టం వచ్చిందో అని అడిగారు. కాలు కట్టుతో తిరిగొచ్చాక అతను నన్ను అడిగింది ఒకటే: "అన్నా, జారాడు అని రాయొచ్చు కదా, దూకాడు అని ఎందుకు రాశావ్?"

నేను సారీ చెప్పా. జవాబు మాత్రం చెప్పలేదు. జవాబు నాకు తెలుసు. 'జారాడు' అంటే ఎవరూ ఫార్వర్డ్ చేయరు. నేను ఆలోచించి ఎంచుకోలేదు ఆ మాట, వేళ్లే ఎంచుకున్నాయి. వాల్టర్ బర్న్స్ నా పక్కన లేడు, డెస్క్ లేదు, డబ్బుల్లేవు. ఊరికే, ఫస్ట్ రావాలని.

1936లో వచ్చిన 'లైబుల్డ్ లేడీ' ఇక్కణ్ణుంచే మొదలవుతుంది. ఒక కోటీశ్వరుడి కూతురు ఎవరి మొగుణ్ణో వల్లో వేసుకుందని తప్పుడు వార్త అచ్చేసేస్తారు. నిజం కాదని తెలిసేసరికి కాపీలు బయటికి వెళ్లిపోతాయి. ఉన్నవాటిని వెనక్కి తెప్పించాలని ఆఫీసంతా పరుగులు. కొన్ని దొరకవు. ఆమె యాభై లక్షల డాలర్లకి దావా వేస్తుంది. అప్పుడు ఆ ఎడిటర్ ఏం చేస్తాడు? క్షమాపణ అడగడు. ఆ వార్తని నిజం చేయడానికి ఒక మగాణ్ణి, ఒక దొంగ పెళ్లాన్ని పెట్టి ఆమె మీద ప్లాన్ వేస్తాడు! స్పెన్సర్ ట్రేసీ, విలియం పావెల్, మిర్నా లోయ్, జీన్ హార్లో. చాలా హుషారైన సినిమా, చేపలు పట్టే సీన్‌కి నాకు పొట్ట నొప్పొచ్చింది. కానీ ఆ మొదటి అయిదు నిమిషాలు, కాపీల కోసం పరుగులు, ఇప్పుడు చూస్తే అరచేతులకి చెమట పడుతుంది.

ఆ సినిమా రాసిన ముగ్గురిలో ఒకరు మోరీన్ వాట్కిన్స్. ఈమె కథ తెలుసుకోవాలి. 1924లో 'చికాగో ట్రిబ్యూన్' రిపోర్టర్‌గా ఇద్దరు ఆడవాళ్ల హత్య కేసులు కవర్ చేసింది, బ్యూలా ఆనన్, బెల్వా గేర్ట్‌నర్. ఇద్దరూ అందగత్తెలు. పేపర్లు వాళ్ల బట్టల గురించి, జుట్టు గురించి రాశాయి. ఇద్దరూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. వాట్కిన్స్ ఉద్యోగం మానేసి ఆ అనుభవాన్నే వెటకారంగా నాటకం రాసింది. 1926లో వచ్చిన ఆ నాటకమే 'చికాగో'. అదే 1942లో జింజర్ రోజర్స్‌తో 'రాక్సీ హార్ట్' అయింది, చాలా ఏళ్లకి మ్యూజికల్ అయింది, 2002లో ఆస్కార్ కొట్టిన సినిమా అయింది. తను రాసిన వార్తల మీద తనకే నవ్వు, కోపం రెండూ వస్తే ఏం చేయాలో ఆమెకి తెలిసింది. నేను మాత్రం గ్రూప్ అడ్మిన్ వదిలేసి ఊరుకున్నా.

మా ఫ్రెండ్ ఒకమ్మాయి అంటుంది, ఈ సినిమాలు దిగజారిన జర్నలిజాన్ని గ్లోరిఫై చేస్తాయని. 'ఆల్ ద ప్రెసిడెంట్స్ మెన్', 'స్పాట్‌లైట్' లాంటివి చూడమంటుంది. చూశాను, గొప్ప సినిమాలు. కానీ అవి చూసి లేచేటప్పుడు నేను చాలా మంచివాణ్ణి అనిపిస్తుంది. నేనేమో ఏమీ చేయలేదు, రెండు గంటలు కూర్చున్నా అంతే. ఈ పాత కామెడీలు ఆ సుఖం ఇవ్వవు. మొదట నవ్విస్తాయి. తర్వాత ఎప్పుడో, పళ్లు తోముకుంటున్నప్పుడు, నేను దేనికి నవ్వాను అని గుర్తొస్తుంది. ఎవరూ క్లాసు పీకరు. ఎడిటర్‌కి ఆఖర్లో బుద్ధి రాదు.

ఆ అమ్మాయి మాటలో ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. 'హిజ్ గర్ల్ ఫ్రైడే'లో ఎర్ల్ కాల్చి చంపింది ఒక నల్లజాతి పోలీసుని. మేయర్, షెరీఫ్ ఉరికి తొందరపడేది ఆ ఓట్ల కోసమే అని జోకులు నడుస్తాయి. ఆ చనిపోయిన మనిషి గురించి, అతని ఇంటివాళ్ల గురించి మాత్రం ఒక్క రిపోర్టరూ ఒక్క ప్రశ్న అడగడు. రాసినవాళ్లకీ అడగాలనిపించినట్టు లేదు. అది సినిమా చేసిన వెటకారం అని నేను సమర్థించను, అది సినిమాకే కనపడలేదు.

అన్నీ ఇంత బరువుగా ఉంటాయనుకోకండి. గ్లెండా ఫారెల్ 'టార్చీ బ్లేన్' సినిమాలు పక్కా టైమ్‌పాస్, ఒక్కొక్కటి గంట. మొదటిది 'స్మార్ట్ బ్లాండ్', 1937. ఇంటర్వ్యూ కోసం టాక్సీలోంచి కదులుతున్న రైలెక్కేస్తుంది. అసలు కథల్లో ఆ పాత్ర తాగుబోతు మగ రిపోర్టర్. ఇక్కడా సినిమాకి వచ్చేసరికి అమ్మాయి చేశారు. సూపర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన జెర్రీ సీగెల్ తమ లోయిస్ లేన్‌కి ఈమే స్ఫూర్తి అని చెప్పాడు. ఒక సినిమాలో టార్చీగా చేసిన నటి లోలా లేన్ పేరులోంచే ఆ 'లేన్' వచ్చింది. మార్వెల్, డీసీ అని కొట్టుకునే మన బ్యాచ్‌కి ఇది చెబితే ఎవడూ నమ్మలేదు.

నాకు అన్నిటికన్నా నచ్చిన సీన్ ఒకటి చెప్పాలి. అంత గోల సినిమాలో నెమ్మదిగా నడిచేది అదొక్కటే. హిల్డీ జైలు గదికి వెళ్లి ఎర్ల్ విలియమ్స్‌తో మాట్లాడుతుంది. గొంతు తగ్గించి, పక్కన కూర్చుని, సిగరెట్ ఇచ్చి. అతను మెతక మనిషి, ఉద్యోగం పోయి పార్కులో ఉపన్యాసాలు వింటూ తిరిగినవాడు. అక్కడ విన్న ఒక మాట గుర్తుందా, చేతిలో తుపాకీ ఉన్నప్పుడు అదే గుర్తొచ్చిందా అని ఆమె అడుగుతుంది. అతను ఆలోచించి, అవును, అలాగే అయ్యుంటుంది అంటాడు. ఆమెకి స్టోరీ దొరికింది. అతని నోట్లో ఆ మాట పెట్టింది ఆమే. జాలి నిజమే, దొంగతనం నిజమే, రెండూ ఒకే గొంతులో. అయిదుసార్లు చూశా ఆ సీన్. ఆమె అతన్ని కాపాడుతోందా, వాడుకుంటోందా అంటే నాకు ఇప్పటికీ ఒక్కోసారి ఒక్కోలా అనిపిస్తుంది.

మావయ్య సినిమా పూర్తి చేయలేదు. ఇంకో పావుగంట ఉందనగా ఆయన ఫోన్ మోగింది. బైపాస్ దగ్గర లారీ, ఆటో. "వస్తా రా" అని చొక్కా తొడుక్కుంటూనే అవతలివాళ్లని ఏదో అడుగుతున్నాడు. బైక్ స్టార్ట్ అయ్యేదాకా విన్నాను, ముందు మనుషులెలా ఉన్నారనే అడిగాడు, ఫోటో తర్వాత అడిగాడు.

ఇప్పుడు ఎప్పుడు ఫోన్ చేసినా అడుగుతాడు, ఆ పిల్ల చివరికి ఆ ఇన్సూరెన్స్ అతనితో ఆ ఊరు వెళ్లిందా, సెటిల్ అయిందా అని. సంక్రాంతికి వస్తాగా, కూర్చుని చూద్దాం అంటున్నా.